ఆఖరి గల్లీకి నాలుగు స్టార్లు

ఆ రోజు కూడా భానుప్రకాశ్ పళ్లు తోముకోకముందే ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఈ మధ్య అతని సంధ్యావందనం అదే. స్టోర్‌లో "ఆఖరి గల్లీ" అనే ఆటకు ఎన్ని స్టార్లున్నాయో చూడడం, చూసి మొహం మాడ్చుకోవడం, ఒకవేళ తప్పు చూశానేమోనని మళ్లీ చూడడం. రెండున్నర. పడుకునే ముందు చూసినప్పుడూ రెండున్నరే. తెల్లారేసరికి జనం మనసు మారి ఉంటుందని ఆశపడ్డాడు గానీ, రాత్రిపూట జనానికి నిద్ర ఉంటుంది, అతనికే లేదు.

ఆ ఆట అతనిది. అతనిదీ, విజయశ్రీదీ. ఇద్దరూ నారాయణగూడలో కలిసి చదివి, ఒకే ఆఫీసులో ఉద్యోగం చేసి, ఒకే రోజు మానేసి, నారాయణగూడలోనే ఒక టిఫిన్ సెంటర్ పైన మూడో అంతస్తులో గది కిరాయికి తీసుకుని, ఏళ్ల తరబడి సాంబారు వాసనలో కూర్చుని చేసిన ఆట. ఫోన్ పట్టుకున్న యాభై మంది ఒకేసారి ఒక బస్తీలో దిగుతారు. దొరికిన తుపాకీ పట్టుకుని ఒకరినొకరు కాల్చుకుంటారు. చుట్టూ ఒక గీత దగ్గరికి జరుగుతూ వస్తుంది, దాని బయట చిక్కినవాడు చస్తాడు, చివరికి మిగిలినవాడు గెలుస్తాడు. ఇలాంటి ఆటలు లోకంలో బోలెడున్నాయి. అవి ఏ దీవిలోనో, ఏ మంచుకొండల్లోనో జరుగుతాయి. వీళ్లది చిక్కడపల్లిలో జరుగుతుంది. అశోక్‌నగర్ హాస్టళ్ల ఇరుకు మెట్ల మీద, నారాయణగూడలో మెట్రో స్తంభాల కింద, ఎండేసిన లుంగీల వెనక జరుగుతుంది. ఆడడానికి పైసా ఇవ్వక్కర్లేదు. అదే దాని గొప్ప, అదే దాని శాపం. ఊరికే దొరికిన దాన్ని తిట్టడానికి మనవాళ్లకు మొహమాటం ఉండదు.

తిట్టారు కూడా. ఒక ఇంగ్లీషు వెబ్ పత్రిక దీన్ని కాపీకి కాపీ అని, చాలా అందమైన మాటల్లో, రెండు పేజీలు రాసింది. తుపాకీ పేలిన కాసేపటికి గానీ చప్పుడు రావడం లేదని ఒకరు, ఫోన్ పెనంలా కాలుతోందని ఒకరు రాశారు. ఓటీపీ రాలేదని ఒకాయన ఒక్క స్టారే ఇచ్చాడు. ఆ ఆటలో ఓటీపీ అనేదే లేదు. భానుప్రకాశ్ తల్లి రాజకుమారి మాత్రం పక్కింటి అమ్మాయిని పిలిపించి ఫోన్‌లో ఆట ఎక్కించుకుని, ఐదు స్టార్లిచ్చి, "మావోడే చేసిండు, మంచిగుంటది" అని రాయించింది. దాని కింద ఎవరెవరో నవ్వే బొమ్మలు పెట్టారు. అవి తనను మెచ్చుకుంటున్న బొమ్మలనుకుని ఆవిడ సంతోషించింది.

ఇవన్నీ ఒక ఎత్తు, అనూహ్య ఒక ఎత్తు. రాంనగర్‌లో మేడ మీది గదిలో కూర్చుని ఆటల మీద తెలుగులో వీడియోలు చేసే అమ్మాయి ఆమె. వెనక కుక్కర్ విజిల్ వినపడుతూనే ఉంటుంది, ఆమె పట్టించుకోదు. ఏ ఆటనైనా వారం రోజులు ఆడి గానీ నోరు విప్పదు. ఏ కంపెనీ దగ్గరా ఏమీ తీసుకోదు. అందుకే లక్షల మంది ఆమె చెప్పింది విని ఆట దించుకుంటారు, లేదా తీసేస్తారు. ఆమె ఆఖరి గల్లీకి ఐదుకు రెండిచ్చింది.

"గల్లీలు మనయే. ఆట మాత్రం మనది కాదు, కవచం కొనుక్కున్నోనిది," అని చెప్పిందా వీడియోలో. "ఫ్రీ అని లోపలికి పిలిచి, వచ్చినంక పైసలున్నోనితోని కొట్టిపిస్తున్రు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు, అదే భానుప్రకాశ్‌ను కాల్చింది. డబ్బు పెట్టి కవచం కొనుక్కుంటే ఆటలో తూటాలు తగలవు. ఆ కవచం పెట్టమన్నది ఆటను మార్కెట్లోకి తెచ్చిన బెంగళూరు కంపెనీ. విజయశ్రీ వద్దని మొత్తుకుంటుంటే, ఫోన్‌లో సరేనన్నది మాత్రం భానుప్రకాశ్.

ఆ వీడియో వచ్చాక కంపెనీ తరఫున వీళ్ల వ్యవహారం చూసే రాఘవేందర్ ఫోన్ చేశాడు. మంచివాడే, వరంగల్ మనిషి. నెలాఖరుకు నాలుగు స్టార్లు రాకపోతే సర్వర్లు ఆపేయాలని పైవాళ్లు నిర్ణయించారని, తన చేతుల్లో ఏమీ లేదని చెప్పాడు. చేతుల్లో ఏమీ లేనివాళ్లే ఇలాంటి కబుర్లు మోసుకొస్తారు.

సర్వర్ ఆపేయడమంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. పుస్తకం అమ్ముడుపోకపోతే కనీసం అటక మీద కట్టలుంటాయి. దుకాణం మూతపడితే బోర్డన్నా మిగులుతుంది. ఈ ఆటకు ఏదీ మిగలదు. అవతల ఎవరో ఒక మీట నొక్కితే చిక్కడపల్లి గల్లీలు, హాస్టల్ మెట్లు, అన్నీ ఒకేసారి లేకుండా పోతాయి. ఫోన్‌లో నల్లటి తెర ఒకటి ఉంటుంది. ఇన్నేళ్లు ఏం చేశావని ఎవరన్నా అడిగితే చూపించడానికి ఆ నల్లతెర తప్ప ఏమీ ఉండదు. ఆ ఊహ వచ్చినప్పుడల్లా భానుప్రకాశ్‌కు వణుకు వచ్చేది. అన్నం ముందు కూర్చునేవాడు, ముద్ద దిగేది కాదు.

విజయశ్రీ వణకలేదు. ఆమెకు వణకడానికి తీరిక లేదు.

"ఆ పిల్ల చెప్పింది అబద్ధమైతే బాధపడాలె. నిజమైతే మార్చాలె," అంది.

రాఘవేందర్‌తో ఆమే మాట్లాడింది. ఎలాగూ ఆపేసేదానికి కవచం ఎందుకని వాదించి, పీకేయడానికి ఒప్పించింది. తర్వాత ఒక చిన్న రికార్డర్ పట్టుకుని గల్లీల మీద పడింది. చిక్కడపల్లి సిమెంటు సందుల్లో రబ్బరు చెప్పులతో నడిచి ఒక చప్పుడు, అశోక్‌నగర్‌లో నాపరాయి మెట్లెక్కి ఒక చప్పుడు, మెట్రో కింద కంకర మీద బూట్లతో ఒక చప్పుడు, ఇలా పోగేసుకొచ్చింది. ఆమె ఆలోచన ఇది. ఇకమీదట ఆటలో గెలిపించేది కవచం కాదు, చెవి. వెనక నుంచి వచ్చేవాడి అడుగు వింటే వాడు ఏ సందులోంచి వస్తున్నాడో తెలియాలి. ఈ గల్లీల్లో తిరిగినవాడు డబ్బున్నవాణ్ణి ఓడించగలగాలి.

పని పూర్తయి కొత్త ఆట స్టోర్‌లోకి ఎక్కాక, ఒకసారి ఆడి ఎలా ఉందో చెప్పమని ఆమె భానుప్రకాశ్‌ను అడిగింది. నువ్వు చేశావంటే మంచిగానే ఉంటుందన్నాడతను. ఆ మాట అంటున్నప్పుడు కూడా అతని బొటనవేలు రేటింగ్ పేజీని కిందికి లాగుతూనే ఉంది. ఆమె మళ్లీ అడగలేదు. అనూహ్యకు మాత్రం మెసేజ్ పెట్టింది, మీరు చెప్పినవి మార్చాం, వీలైతే మళ్లీ చూడండని. వారం ఆడతానని, మంచిగుంటే మంచిగుందంటానని, లేకపోతే లేదంటానని అటునుంచి జవాబు వచ్చింది.

ఒక్క వారం. విజయశ్రీకి అది వారమే. భానుప్రకాశ్‌కు మాత్రం ఆ వారం గొంతు మీద కాలు పెట్టుకుని నిలబడింది. నెలాఖరు దగ్గర పడుతోంది, స్టార్లు రెండున్నర దగ్గర మేకు కొట్టినట్టు ఉన్నాయి. ఆ అమ్మాయి మళ్లీ రెండే ఇస్తే? ఇస్తుందనే అతని నమ్మకం. ఆ వీడియో తర్వాత అతనికి తన ఆట మీద చెడ్డమాట ఏది విన్నా నిజమనిపించేది, మంచిమాట ఏది విన్నా జాలిపడి అన్నట్టనిపించేది. కాలుగాలిన పిల్లిలా చిక్కడపల్లి చౌరస్తా నుంచి నారాయణగూడకు, అక్కడి నుంచి ఇక్కడికి తిరిగాడు. తిరిగి తిరిగి, మూడో రోజు, అశోక్‌నగర్‌లో శశాంక్ దగ్గర తేలాడు.

శశాంక్ ఒకప్పుడు భానుప్రకాశ్ వాళ్ల మేడ మీది గదిలో కిరాయికి ఉన్నాడు. జనగామ దిక్కు పల్లెటూరు. గ్రూప్ వన్ రాయడానికి వచ్చి, ఒక నోటిఫికేషన్ రద్దయి, ఇంకొకటి కోర్టుకెక్కి, మూడోదానికి చదువుతున్నాడు. చదివీ చదివీ అతనే ఒక గురువయ్యాడు. లైబ్రరీ గేటు దగ్గర అతని చుట్టూ నలభై మంది దాకా ఆన్సర్ రైటింగ్ బ్యాచ్ ఉంటుంది. రోజుకొక ప్రశ్న ఇస్తాడు, అందరూ జవాబు రాసి తెస్తారు.

చాయ్ తాగుతూ భానుప్రకాశ్ తన గోడు వెళ్లబోసుకున్నాడు. నీ బ్యాచ్ వాళ్లందరితో మంచి స్టార్లు వేయించి, నాలుగు ముక్కలు రాయించి పుణ్యం కట్టుకోమన్నాడు. శశాంక్ కరిగిపోయాడు. ఆ ఇంట్లో ఉన్నప్పుడు రాజకుమారమ్మ పెట్టిన పెసరట్లు అతను మరిచిపోలేదు. ఒక్కటే ఇబ్బంది అన్నాడు.

"ఆడేటంత టైం ఎవ్వరికి లేదన్న. నోటిఫికేషన్ ఎప్పుడన్న పడొచ్చంటున్రు. సగం మంది ఫోన్లల్ల గేమ్‌లే పెట్టుకోరు, మనసు పాడయితదని."

"ఆడకున్నా సరే," అన్నాడు భానుప్రకాశ్. "దించుకోని, రాసి, తీసేసినా సరే."

"గట్లయితే పాయింట్లు చెప్పు."

ఇక్కడొక సంగతి చెప్పాలి. అశోక్‌నగర్‌లో చదువు ఎలా సాగుతుందో తెలియనివాళ్లకు తర్వాత జరిగింది తమాషాగా తోస్తుంది. అక్కడ ఏ విషయం మీదైనా ఒకడు పాయింట్లు తయారుచేస్తాడు. అవి జిరాక్స్ సెంటర్ దాకా పోతాయి, అక్కడి నుంచి వెయ్యి మంది దగ్గరికి పోతాయి. వెయ్యి మందీ అవే పాయింట్లు, అదే వరసలో, ఎవరి దస్తూరితో వాళ్లు పరీక్షలో రాస్తారు. దాన్ని కాపీ అని అక్కడ ఎవరూ అనరు, ప్రిపరేషన్ అంటారు. పేపరు దిద్దేవాడికి కావలసింది పాయింట్లు. ముందు ప్రవేశిక, తర్వాత మంచి, తర్వాత చెడు, చివర ఆశ. ఒకవైపే రాస్తే మార్కులు రావు. ఏళ్ల తరబడి అలా రాసి రాసి, ఆ పిల్లలకు కలలు కూడా ప్రవేశికతోనే మొదలవుతాయేమో.

భానుప్రకాశ్ మంచి పాయింట్లు చెప్పాడు. చెడు పాయింట్లు లేకపోతే ఆన్సర్‌కు బ్యాలెన్స్ ఉండదని, అవి అనూహ్య పాత వీడియోలోంచి తీసుకుంటానని శశాంక్ అన్నాడు. భానుప్రకాశ్ ఆ మాట సరిగా వినలేదు. నలభై మంది, తలా ఐదు స్టార్లు, ఎక్కడికి లేస్తుంది రేటింగ్, ఆ లెక్కలో మునిగి ఉన్నాడు.

మర్నాడు శశాంక్ తన బ్యాచ్‌కు ప్రశ్న ఇచ్చాడు. "ఆఖరి గల్లీ అను మొబైల్ ఆటను విమర్శనాత్మకంగా పరిశీలించండి."

మధ్యాహ్నానికి రేటింగ్ కదిలింది. మూడు దాటింది. సాయంత్రానికి మూడున్నర. పాతవాటికన్నా ఈ మధ్య పడ్డ రివ్యూలకే స్టోర్ ఎక్కువ విలువ ఇస్తుంది కాబట్టి కొత్తవి పడుతున్న కొద్దీ అంకె పాకింది. భానుప్రకాశ్ గదిలో అటూ ఇటూ నడుస్తూ, చూస్తూ, నవ్వుతూ, మళ్లీ చూస్తూ ఉన్నాడు. ఎవరేం రాశారో ఒక్కటి కూడా చదవలేదు. ఆ రోజు అన్నం తిన్నాడు. రాజకుమారి కొడుకు తింటుంటే పక్కనే కూర్చుని చూసింది. విజయశ్రీ ఒక్కతే కనుబొమలు ముడేసి, ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. జనానికి మెల్లమెల్లగా నచ్చుతోందేమో అన్నాడతను.

మరుసటి రోజు పొద్దున్నే ఫోన్ చూస్తే స్టార్లు లేవు. రెండున్నరా లేదు, మూడున్నరా లేదు. అసలు ఆటే లేదు. స్టోర్‌లో ఆఖరి గల్లీ అని వెతికితే ఏవో పెళ్లి సంబంధాల యాప్‌లు వచ్చాయి. మెయిల్‌లో ఒక జాబు ఉంది. ఒకే చోటు నుంచి, ఒకే మాటలతో, ఆడనివాళ్లు మూకుమ్మడిగా రాసిన రివ్యూలు గుర్తించాం, ఆటను తొలగించాం, అభ్యంతరముంటే చెప్పుకోండి, పరిశీలించడానికి నెల పట్టొచ్చు. భానుప్రకాశ్ మంచం మీద కూర్చుండిపోయాడు.

అప్పటికే ఎవరో ఆ రివ్యూలకు ఫోటోలు తీసి ఊరంతా తిప్పుతున్నారు. అప్పుడు చదివాడతను మొదటిసారి. "నేటి డిజిటల్ యుగంలో యువత వినోదంలో మొబైల్ ఆటలు కీలక పాత్ర పోషిస్తున్నాయి." అన్నీ అలాగే మొదలయ్యాయి. తర్వాత సానుకూలాంశాలు, తర్వాత సవాళ్లు. సవాళ్ల కింద కవచం గురించి అందరూ రాశారు. ఆ కవచం ఆటలోంచి పోయి చాలా రోజులైంది. ఒకడు మహిళా సాధికారతను తెచ్చాడు. ఇంకొకడు వారసత్వ కట్టడాల పరిరక్షణను తెచ్చాడు. అందరూ "సంబంధిత వర్గాలు తగు చర్యలు చేపట్టినచో ఈ ఆటకు ఉజ్వల భవిష్యత్తు కలదని ఆశించవచ్చు" అని ముగించారు. అంతా చేసి ఎక్కువమంది నాలుగు స్టార్లే ఇచ్చారు. ఫుల్ మార్కులు ఎవరిచ్చినా నమ్మశక్యంగా ఉండదని వాళ్ల అనుభవం. ఊరు కడుపుబ్బ నవ్వింది. గేమ్ ఆడితే డిప్యూటీ కలెక్టర్ పోస్టు గ్యారంటీ అని ఎవరో బొమ్మ వేశారు.

శశాంక్ ఫోన్ చేశాడు. అతని గొంతులో నిజమైన బాధ ఉంది.

"అన్న, తప్పేమన్న రాసినమా? పాయింట్లన్ని కవర్ చేసినం గద."

తప్పు నీది కాదన్నాడు. అది నిజం కూడా. ఫోన్ పెట్టేసి, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. బయటి గదిలో తల్లికి వినపడకూడదని.

రాఘవేందర్ ఈసారి ఎక్కువసేపు మాట్లాడలేదు. స్టోర్‌లో లేని ఆటకు సర్వర్లు ఎందుకని పైవాళ్లు అడుగుతున్నారని, శుక్రవారం సాయంత్రం ఆపేస్తారని చెప్పాడు. ఈ పిచ్చి రివ్యూలు కంపెనీవాళ్లే ఏ ఏజెన్సీతోనో రాయించి ఉంటారని విజయశ్రీ ఆఫీసులో చిందులు తొక్కింది. ఇన్నాళ్లు కష్టపడి ఒక దారికి తెస్తే ఎవడో వచ్చి నాశనం చేశాడంది. భానుప్రకాశ్ కిటికీలోంచి మెట్రో స్తంభాన్ని చూస్తూ నిలబడ్డాడు.

శుక్రవారం పొద్దున్నే అతను రాంనగర్ వెళ్లాడు. ఇక మిగిలింది అనూహ్య ఒక్కతే. ఆమె ఒక్క మాట చెబితే, ఆట నిజంగా మారిందని చెబితే, లక్షల మంది వింటారు, బెంగళూరువాళ్లూ వింటారు. కనీసం ఆ మీట నొక్కే చెయ్యి ఆగుతుంది. అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాడు. పొద్దున్నే గేటు దగ్గర ముక్కూ మొహం తెలియని మగవాడు నిలబడితే ఏ ఆడపిల్లయినా జంకుతుంది. పేరు చెప్పగానే ఆమె ముఖంలో జంకు పోయి, అంతకన్నా కష్టమైనదేదో వచ్చింది. జాలి కావచ్చు.

గేటు తీయలేదు. గేటుకు అవతలే నిలబడి మాట్లాడింది.

"వారం ఆడిన సార్. నిన్ననే వీడియో రికార్డ్ చేసి పెట్టుకున్న. ఇయ్యాల పెడదామనుకున్న. నాలుగిచ్చిన."

భానుప్రకాశ్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక గేటు ఊచలు పట్టుకున్నాడు. అయితే పెట్టండి, ఇప్పుడే పెట్టండి, సాయంత్రం లోపల పెట్టండని ఒకటే మాట పదిసార్లు అన్నాడు.

"ఎట్ల పెడత?" అంది ఆమె. "ఊరంతా నవ్వుతున్నది. నలభై మందితోని అబద్ధం రాయించిన్రని అందరికి తెలిసింది. ఇప్పుడు నేను మంచిగుందంటే నలభై ఒకటో మనిషి నేనే అంటరు. నిజం చెప్పినా నాకు ఆ పేరే వస్తది. నాకున్నది ఆ మాట ఒక్కటే సార్. అది పోతే నా దగ్గర ఏం లేదు."

అతను దండం పెట్టాడు. కాళ్లు పట్టుకుంటానన్నాడు. నాలుగేళ్ల కష్టం, తల్లి, విజయశ్రీ, నోటికి వచ్చినవన్నీ చెప్పాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తల అడ్డంగానే ఊపింది.

"మీరిట్ల అడిగినంక అస్సలు పెట్టలేను. మీకు పంపిస్త, మీరు చూడుండ్రి. ఆ అడుగుల చప్పుడు ఎవరు చేసిన్రో వాళ్లకు చూపియ్యిండ్రి," అని లోపలికి వెళ్లిపోయింది.

నారాయణగూడ వచ్చేసరికి వీడియో ఫోన్‌లో ఉంది. విజయశ్రీ ఆఫీసులో ఒక్కతే కూర్చుని కుర్చీలకూ కంప్యూటర్లకూ గుడ్డతో దుమ్ము తుడుస్తోంది. ఎందుకు తుడుస్తోందో ఆమెకూ తెలిసి ఉండదు. అతను ఏమీ చెప్పకుండా ఫోన్ ఆమె ముందు పెట్టాడు.

కుక్కర్ విజిల్ వినపడింది. తర్వాత అనూహ్య గొంతు. "పోయినసారి ఈ ఆటకు రెండిచ్చిన. ఆ మాట వాపసు తీసుకుంటున్న. కవచం తీసేసిన్రు. దాని జాగల చెవులు పెట్టిన్రు. కండ్లు మూసుకోని ఆడినా ఏ గల్లీల ఉన్ననో తెలుస్తున్నది. నా ఎనక మెట్లు దిగుతున్నోడు చెప్పులేసుకున్నడో బూట్లేసుకున్నడో తెలుస్తున్నది. ఇది చేసినోళ్లు ఎవరో గాని, మా గల్లీలల్ల నడిచి చేసిన్రు." అలా చాలాసేపు సాగింది. ఒక్కొక్క చప్పుడునూ పేరు పెట్టి మెచ్చుకుంది.

విజయశ్రీ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. వీడియో అయిపోగానే ఇంకోసారి పెట్టమంది. రెండోసారి వింటూ నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. ఇది ఎప్పుడు బయటికి వస్తుందని అడిగింది.

"రాదు," అన్నాడు భానుప్రకాశ్. "ఆ నలభై రివ్యూలు నేను రాయించిన. శశాంక్ బ్యాచ్‌తోని."

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది అతనికి. గుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది.

"ఎందుకు? ఇంకో నాలుగు రోజులు ఆగితే అయిపోతుండె గద."

"భయమైంది విజయా. ఆమె మళ్ల రెండే ఇస్తదనుకున్న."

"ఎందుకనుకున్నవ్? నేను మార్చినంక నువ్వొక్క ఆటన్న ఆడినవా?"

ఆడలేదు. ఆ నలభై మంది ఆడలేదు సరే, వాళ్లకు నోటిఫికేషన్ గోల ఉంది. అతనూ ఆడలేదు. ఆట తెరవబోయి ప్రతిసారీ రేటింగ్ పేజీకే పోయేవాడు. ఊరంతటినీ నచ్చిందని రాయమని బతిమాలినవాడికి నచ్చిందో లేదో తెలియదు. ఈ సంగతి ఇప్పుడు, ఆమె అడిగాకే, అతనికి తట్టింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

విజయశ్రీ తన హెడ్‌సెట్ తీసి అతని ముందుకు తోసింది. సర్వర్ సాయంత్రం దాకా ఉంటుంది, ఆడమంది. తానూ ఫోన్ తీసుకుని గదిలో ఆ మూలకు పోయి కూర్చుంది. ఇద్దరూ ఆటలోకి దిగారు. ఇంకెవరూ లేరు.

చిక్కడపల్లి ఖాళీగా ఉంది. భానుప్రకాశ్ ఒక సందులోకి పోయాడు. తన అడుగుల చప్పుడు గోడలకు తగిలి తిరిగి వస్తోంది. ఎక్కడో మేడ మీద ట్యాంకు నిండి నీళ్లు పొంగుతున్నాయి. పక్క సందు తిరగగానే సిమెంటు పోయి రాయి వచ్చింది, అడుగు మారింది. అతను ఆగాడు. చిన్నప్పటి నుంచి తిరిగిన సందు అది. నడిచేటప్పుడు ఆ తేడా ఉంటుందని అతనికి ఇప్పటిదాకా తెలియదు. అంతలో వెనక రబ్బరు చెప్పుల చప్పుడు, మెల్లగా, ఎడమవైపు హాస్టల్ మెట్ల మీది నుంచి దిగుతోంది. విజయశ్రీ. ఎక్కడుందో కళ్లకు కట్టినట్టు తెలుస్తోంది. తిరిగి కాల్చబోయి ఆ చప్పుడు వింటూ నిలబడిపోయాడు. ఆమె కాల్చింది. తెర ఎర్రబడింది.

హెడ్‌సెట్ తీశాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఇంతకాలం ఎవరెవరి నోటి నుంచో రాబట్టాలని చూసిన మాట ఇప్పుడు అతని నోటికి దానంతటదే వచ్చింది.

"మస్తుంది విజయా. నిజంగ మస్తుంది."

విజయశ్రీ ఆ మూల నుంచి అతన్ని కాసేపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఎగతాళి అసలే లేదు. తెలుసుకుందామనే అడిగింది.

"ఈ మాట నీతోని ఎవరు చెప్పిస్తున్రు భానూ?"